ల్యాబ్‌లో చేసేది కూడా దేవుని పనేనా?

ప్రశ్న: అక్కా, వందనాలు. నా వయసు 36. ఒక ఆస్పత్రి ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. షిఫ్టు డ్యూటీలు. ఇంటికొచ్చాక ఇద్దరు పిల్లల చదువులు, వంట, మిగతా పనులు. శనివారం చర్చి శుభ్రం చేసే జట్టులో ఉన్నాను. ఆదివారం సండే స్కూల్ చెబుతాను. బుధవారం స్త్రీల కూడిక బాధ్యత నాదే. మా తోడికోడలు ఉద్యోగం మానేసి ఫుల్ టైమ్ సేవకు వెళ్ళింది. దేవుడు ఆమెను బలంగా వాడుకుంటున్నాడని అందరూ అంటారు. మొన్న కూటాల్లో ప్రసంగించిన ఒకాయన, "లోకం కోసం పనిచేసిన గంటలకు పరలోకంలో లెక్క లేదు" అన్నారు. అప్పట్నుంచి నా మనసు మనసులో లేదు. రోజంతా గొట్టాల మీద పేర్లు సరిచూడటం, మెషీన్ కడగడం, రక్తం చెడిపోయిన శాంపిల్ వస్తే మళ్ళీ తీయమని వార్డుకు ఫోన్ చేసి వాళ్ళ చేత మాటలు పడటం, ఇదే నా జీవితం. దీనికి దేవుడి దగ్గర విలువేముంటుంది? మానేద్దామంటే ఇల్లెలా గడుస్తుందని మావారు అంటున్నారు. ఇంకో సంగతి. ఈమధ్య ఒంట్లో ఓపిక ఉండటం లేదు. ఒక్క వారం చర్చి పనికి వెళ్ళకపోయినా దేవుడికి కోపం వస్తుందేమోనని టెన్షన్. రక్షణ కృప వల్లే అంటారు కదా, మరి ఇంత కష్టం ఎందుకు పడాలి?
- ఒక సహోదరి

జవాబు: చెల్లెమ్మా, వందనాలు. మీ ఉత్తరం ఒకటికి రెండుసార్లు చదివాను. అన్నిటికంటే ముందు ఒక మాట. ఆ ప్రసంగీకుడు అన్నదాన్ని పట్టుకుని రాజీనామా రాయకండి. ఆయన ఏ ఉద్దేశంతో అన్నారో గానీ, ఆ మాట వాక్యానికి సరిపోదు. దానివల్ల మీలాంటి వాళ్ళు ఎందరు నిద్ర లేకుండా గడుపుతున్నారో తలచుకుంటే నాకు నిజంగా బాధగా ఉంది.

లూకా సువార్త 3వ అధ్యాయం తీయండి. బాప్తిస్మమిచ్చే యోహాను దగ్గరికి సుంకరులు వచ్చి "మేమేం చేయాలి" అని అడిగారు. ఆ రోజుల్లో జనం అసహ్యించుకునే ఉద్యోగం వాళ్ళది. రోమా ప్రభుత్వానికి పన్ను వసూలు చేసేవాళ్ళు. ఉద్యోగం వదిలేసి నా వెంట అరణ్యానికి రండని ఆయన అనలేదు. మీకు నిర్ణయించినదానికంటే ఎక్కువ తీసుకోవద్దన్నాడు. తర్వాత సైనికులు వచ్చి అదే ప్రశ్న అడిగారు. ఎవరినీ బెదిరించవద్దు, ఎవరి మీదా అబద్ధపు నింద మోపవద్దు, మీ జీతంతో తృప్తిపడండి అని వాళ్ళకు చెప్పాడు. మారుమనస్సుకు తగిన ఫలాలు ఎలా ఉండాలని అడిగితే ఆయన చూపించింది వాళ్ళు రోజూ చేసే డ్యూటీనే. పన్ను లెక్క సరిగ్గా రాయడం, చేతిలో అధికారం ఉన్నా ఎవరినీ పీడించకపోవడం, ఇవే ఆ ఫలాలు. లోకం కోసం పనిచేసిన గంటలకు లెక్క లేకపోతే యోహాను ఇంత వివరంగా చెప్పాల్సిన అవసరమే ఉండేది కాదు.

అలాగని మీ తోడికోడలు పొరపాటు చేసిందని నేను అనడం లేదు. పేతురు, అంద్రెయ వలలు విడిచిపెట్టి వెళ్ళారు. మత్తయి సుంకపు మెట్టు దగ్గర నుంచే లేచి వెళ్ళాడు. అలాంటి పిలుపు నిజంగా ఉంది. అది వచ్చినవాళ్ళు వెళ్ళాలి, వాళ్ళను సంఘం పోషించాలి. అయితే అదే దేవుడు పౌలును కొరింథులో అకుల, ప్రిస్కిల్ల ఇంట్లో డేరాలు కుట్టే పనిలో ఉంచాడు. అపొస్తలుడు సూది పట్టుకున్న గంటలు వృథా అని లేఖనంలో ఎక్కడా లేదు. పైగా ఎఫెసు పెద్దలకు వీడ్కోలు చెప్పేటప్పుడు ఆయన తన చేతులు చూపించి, నా అవసరాలకూ నాతో ఉన్నవారి అవసరాలకూ ఈ చేతులే కష్టపడ్డాయన్నాడు. మన దేశానికి వచ్చిన మిషనరీ విలియం కేరీ సంగతి మీరు వినే ఉంటారు. ఇంగ్లండులో చెప్పులు కుట్టి బతికినవాడు. 1793లో బెంగాల్‌కు వచ్చాక కొన్నేళ్ళపాటు నీలిమందు కర్మాగారం నడుపుతూ ఇంటిని పోషించుకున్నాడు. ఆయన లేఖనాల అనువాదం సాగింది కూడా ఆ ఉద్యోగం చేస్తూనే. ఏ గంటలు దేవుడివి, ఏవి లోకానివి అని ఆయన జీవితంలో గీత గీయమంటే ఎక్కడ గీస్తాం?

ఇప్పుడు మీ ల్యాబ్ దగ్గరికి వస్తాను. రక్తం చెడిపోయిన శాంపిల్ గురించి మాటవరసకు రాశారు, కానీ నేను ఆగిపోయింది అక్కడే. రక్తం తీసేటప్పుడో, మోసుకొచ్చేటప్పుడో కణాలు పగిలితే సీరం, అంటే రక్తం గడ్డకట్టాక పైన తేలే ద్రవం, ఎర్రగా మారుతుంది. దాన్ని అలాగే మెషీన్‌లో పెడితే పొటాషియం ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. డాక్టరు ఆ అంకెను నమ్మి మందు ఇస్తారు. మీరు ఆ గొట్టాన్ని వెలుతురులో పట్టుకుని చూసి, ఇది పనికిరాదని తీసేసి, వార్డుకు ఫోన్ చేస్తారు. అవతల నర్సు అప్పటికే పదిమంది పేషెంట్ల మధ్య ఉంటుంది, విసుక్కుంటుంది. సూది మళ్ళీ గుచ్చినందుకు పేషెంటూ విసుక్కుంటాడు. ఆ ఫోన్ వల్ల తనకేం తప్పిందో అతనికి ఎన్నటికీ తెలియదు. మీకు థాంక్స్ చెప్పేవాళ్ళెవరూ ఉండరు. ఎవరూ చూడని ఆ క్షణంలో రిపోర్టు ఎలాగోలా పంపించేయకుండా మాట పడటానికి సిద్ధపడ్డారే, దాన్ని పొరుగువాణ్ణి ప్రేమించడం అని కాక ఇంకేమనాలి? దొంగత్రాసు యెహోవాకు హేయమని సామెతలు 11వ అధ్యాయం మొదటి వచనంలోనే ఉంది. త్రాసు సరిగ్గా ఉందా లేదా అని పట్టించుకునే దేవుడు, పొద్దున్నే పేషెంట్ల శాంపిల్స్ కంటే ముందు, ఎంత రావాలో ముందే తెలిసిన కంట్రోల్ శాంపిల్ పెట్టి మెషీన్ సరిగ్గా చూపిస్తుందో లేదో చూసుకునే మనిషిని పట్టించుకోడా?

మత్తయి 25లో రాజు కుడివైపు నిలబడినవాళ్ళు ఏమన్నారో గుర్తుందా? ప్రభువా, నువ్వు రోగివై ఉండగా మేమెప్పుడు చూశాం అన్నారు. తాము చేసింది ఆయనకే చేశామని వాళ్ళకే తెలియదు. పుణ్యకార్యం చేస్తున్నామన్న స్పృహ కూడా లేకుండా ఎదుట ఉన్న మనిషి అవసరం తీర్చారు. మీ గొట్టం మీద ఉన్న పేరు కూడా ఒక రోగి పేరే.

6వ శతాబ్దంలో ఇటలీలో బెనెడిక్ట్ అనే ఆయన సన్యాసుల మఠాలకు ఒక నియమావళి రాశాడు. అందులో సరుకులగది చూసుకునే సన్యాసికి ఒక సూచన ఉంది. మఠంలోని గిన్నెలనూ పనిముట్లనూ బలిపీఠం మీది పవిత్ర పాత్రలను చూసినట్టే చూసుకోవాలి. నాకు ఆ నియమం చాలా ఇష్టం. గిన్నె కడిగేటప్పుడు కీర్తన పాడితేనే ఆ పని పవిత్రమవుతుందని ఆయన అనలేదు. గిన్నెను జాగ్రత్తగా చూసుకోమన్నాడు. మెషీన్ కడగడం మీకు చిన్నపనిలా అనిపించిన రోజు ఈ సంగతి గుర్తు చేసుకోండి.

ఇక్కడే ఇంకో విషయం చెప్పాలి, ఎందుకంటే ఈ బోధను వంకరగా వాడేవాళ్ళున్నారు. "మీరేమి చేసినను అది మనుష్యుల నిమిత్తము కాక ప్రభువు నిమిత్తమని మనస్ఫూర్తిగా చేయుడి" అన్న వచనం మనందరికీ కంఠతా వచ్చు. కొలొస్సయులకు రాసిన పత్రిక 3వ అధ్యాయంలో ఆ మాట పౌలు ఎవరితో అంటున్నాడో చూడండి. దాసులతో. తమ పనిని తాము ఎంచుకునే హక్కు లేనివాళ్ళతో. వాళ్ళ కష్టం యజమాని లెక్కలోకి రాకపోయినా ప్రభువు లెక్కలో ఉందని వాళ్ళకు ధైర్యం చెబుతున్నాడు. ఆ వెంటనే 4వ అధ్యాయం మొదటి వచనంలో యజమానులవైపు తిరిగి, మీ దాసులకు న్యాయమైనది ఇవ్వండి, మీకు కూడా పరలోకంలో యజమానుడున్నాడని హెచ్చరిస్తున్నాడు. మొదటి మాట చెప్పి రెండోది దాచేయడం అన్యాయం. కూలివాళ్ళకు ఇవ్వకుండా ఆపిన జీతం మొరపెడుతోందని యాకోబు 5వ అధ్యాయంలో రాశాడు. ఊడ్చే మనిషికీ, కాపలా మనిషికీ జీతం సరిగ్గా ఇవ్వకుండా "దేవుని పని కదా" అనే సంఘాలు ఆ వచనం దగ్గర కాసేపు ఆగాలి. మీ ల్యాబ్‌లో కూడా ఎక్స్‌ట్రా డ్యూటీ వేసి డబ్బు ఇవ్వకపోతే అడగండి. అడిగినంత మాత్రాన మీ భక్తి ఏమీ తగ్గదు.

ఇక జీతం సంగతి. ఇంటికోసం సంపాదించడం స్వార్థమని మీకు ఎవరో నూరిపోసినట్టున్నారు. స్వకీయులను, ముఖ్యంగా తన ఇంటివాళ్ళను చూసుకోనివాడు అవిశ్వాసికంటే చెడ్డవాడని తిమోతికి రాసిన మొదటి పత్రికలో ఉంది. అంత కఠినమైన మాట! ఎఫెసీయులకు రాసిన పత్రికలో దొంగతనం మానినవాడికి పౌలు చెప్పిన సలహా ఇంకా బాగుంటుంది. అక్కరలో ఉన్నవాడికి పంచిపెట్టడానికి నీ చేతిలో కొంచెం ఉండేలా కష్టపడి పనిచెయ్యి అన్నాడు. మీవారు ఇల్లెలా గడుస్తుందని అడిగితే దాన్ని విశ్వాసం లేని మాటగా చూడకండి. అది పిల్లల తండ్రిగా అడగాల్సిన ప్రశ్నే.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. నా దృష్టిలో అసలు నొప్పి అక్కడుంది. ఒక్క వారం వెళ్ళకపోతే దేవుడికి కోపం వస్తుందేమో అన్నారు. చెల్లెమ్మా, ఆ భయంతో మీరు చర్చి ఎంత ఊడ్చినా మనశ్శాంతి రాదు. ఎందుకంటే కట్టనక్కర్లేని బాకీని వాయిదాల్లో కడుతున్నారు.

"మీరు విశ్వాసముద్వారా కృపచేతనే రక్షింపబడియున్నారు" అన్న ఎఫెసీయులకు 2వ అధ్యాయం 8వ వచనం దగ్గర చాలామంది ఆగిపోతారు. ఇంకో రెండు వచనాలు చదివితే మీరడిగిన "మరి కష్టం ఎందుకు" అన్నదానికి జవాబు అక్కడే ఉంది. దేవుడు ముందుగా సిద్ధపరచిన సత్క్రియలు చేయడానికే మనం క్రీస్తుయేసునందు సృష్టించబడ్డాం. వరస గమనించండి. ముందు కృప, తర్వాత క్రియ. రక్షణ కోసం పనిచేయడం లేదు, రక్షణ దొరికింది గనుక పనిచేస్తున్నాం. 1520లో సంఘ సంస్కర్త మార్టిన్ లూథర్ దీని గురించే ఒక చిన్న గ్రంథం రాశాడు. క్రైస్తవుడు తనకోసం తాను బతకడు, విశ్వాసం ద్వారా క్రీస్తులో, ప్రేమ ద్వారా పొరుగువాడిలో బతుకుతాడని అందులో ఆయన వాదన. దేవుడి దగ్గర లెక్క తేలిపోయింది గనుక మన కష్టమంతా ఇప్పుడు ఖాళీగా, స్వేచ్ఛగా పక్కవాడి కోసం మిగిలింది. పౌలు జీవితంలో ఇది కళ్ళకు కనిపిస్తుంది. వాళ్ళందరికంటే ఎక్కువగా ప్రయాసపడ్డానని కొరింథీయులకు చెప్పినవాడే, అదే వాక్యంలో, నేను కాదు నాకు తోడైయున్న దేవుని కృపే అన్నాడు. కృప ఆయన్ని సోమరిని చేయలేదు, భయస్థుణ్ణి కూడా చేయలేదు.

యేసు ప్రభువు సంగతే చూడండి. యొర్దానులో బాప్తిస్మం తీసుకున్నప్పుడు "నీవు నా ప్రియ కుమారుడవు" అన్న స్వరం వినిపించింది. అప్పటికి ఆయన ఒక్క ప్రసంగం చేయలేదు, ఒక్క రోగినీ బాగుచేయలేదు. సుమారు ముప్ఫయ్యేళ్ళ వయసు, ఊళ్ళో వడ్లవాడిగా పేరు, అంతే. తండ్రి ఆనందించింది ఆ కుమారుణ్ణి చూసి.

మీ అలసట విషయంలో కొంచెం గట్టిగా మాట్లాడతాను, ఏమీ అనుకోవద్దు. ఓపిక లేకపోవడం అవిశ్వాసం కాదు. సంఖ్యాకాండం 8వ అధ్యాయం చివర, ఆరాధన గుడారంలో పనిచేసే లేవీయుల సేవకు వయసు నిర్ణయించి ఉంది. ఇరవై అయిదేళ్ళకు మొదలుపెట్టాలి, యాభై ఏళ్ళు రాగానే ఆ పని మానుకోవాలి. ఆ తర్వాత సహోదరులకు తోడుగా ఉండొచ్చు గానీ బరువు పని చేయకూడదు. ప్రత్యక్ష గుడారపు సేవకే దేవుడు హద్దు పెట్టాడు. మోషే పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఒక్కడే కూర్చుని తగవులు తీరుస్తుంటే మామ యిత్రో వచ్చి చూసి "నీవు చేయుచున్న పని మంచిది కాదు" అన్నాడు. చేస్తున్నది దేవుని పనే. అయినా ఒక్కడే మోయడం మంచిది కాదన్నాడు, మోషే ఆ మాట విని పని పంచాడు. శిష్యులకు తినడానికి కూడా తీరిక లేనప్పుడు, ఏకాంతంగా వచ్చి కొంచెంసేపు అలసట తీర్చుకోండి అని పిలిచింది సాక్షాత్తూ ప్రభువే. విశ్రాంతిదినపు ఆజ్ఞ నిర్గమకాండం 23లో ఎద్దు, గాడిద దాకా వెళుతుంది. మరి నైట్ డ్యూటీ చేసి వచ్చిన ఇద్దరు పిల్లల తల్లికి అందులో చోటు లేదా?

ఇంకొకటి కూడా గమనించాలి. నెహెమ్యా 3వ అధ్యాయం పేర్ల జాబితాలా ఉంటుందని మనం దాటేస్తాం. యెరూషలేము గోడ ఎవరెవరు కట్టారో అందులో ఉంది. కంసాలులు కట్టారు, సుగంధద్రవ్యాలు చేసేవాళ్ళు కట్టారు, షల్లూము అనే అధికారి కూతుళ్ళు కట్టారు. తెకోవ అనే ఊరి ప్రధానులు మాత్రం పనికి మెడ వంచలేదని కూడా దాచకుండా రాశారు. చాలామంది తమ ఇంటికి ఎదురుగా ఉన్న భాగాన్నే బాగుచేశారు. అలా యాభై రెండు రోజుల్లో గోడ పూర్తయింది. మొత్తం గోడ ఏ ఒక్కరి మీదా పడలేదు. మీ సంఘంలో శనివారం, ఆదివారం, బుధవారం మూడూ మీ మీదే పడుతున్నాయంటే మెడ వంచనివాళ్ళు కొందరు ఉన్నట్టే. మీరు ఒక అడుగు వెనక్కి వేస్తే గానీ ఆ ఖాళీ వాళ్ళకు కనిపించదు.

ఇక ఏం చేయాలో చెబుతాను. మూడింటిలో ఒకటే ఉంచుకోండి. మీ ఉత్తరంలో సండే స్కూల్ గురించి ఫిర్యాదు లేదు, కాబట్టి మీ మనసు అక్కడే ఉందేమో అనిపించింది. అదైతే అదే ఉంచుకోండి. బుధవారం కూడికకు మీతో పాటు ఇంకో సహోదరిని కొన్నాళ్ళు తయారుచేసి అప్పగించండి, ఉన్నపళంగా వదిలేయవద్దు. శనివారం శుభ్రం పని మాత్రం వెంటనే ఆపండి. మీ ఇంట్లో కూడా పని పంచాలి. వంట, పిల్లల చదువులు రెండూ మీ లెక్కలోనే రాసుకున్నారు. ఆ విషయం మీవారితో కూర్చుని మాట్లాడండి. భార్య సంపాదన కావాలన్న మనిషి ఆమె పనిలో భాగం కూడా తీసుకోవాలి. ఓపిక లేకపోవడం ఎంతకాలంగా ఉందో రాయలేదు. డాక్టరుకు ఒకసారి చూపించుకోండి. ఊళ్ళోవాళ్ళ రక్తం పరీక్ష చేసే మీరు మీది చేయించుకుని ఎన్నాళ్ళయిందో!

ఫుల్ టైమ్ సేవ ఆలోచన నిజంగా దేవుడి నుంచే అయితే ఒక ఏడాది ఆగినా అది పోదు. ఈలోగా మీరే ప్రార్థనలో చూసుకోవాల్సింది ఒకటుంది. ఆ పని మీద ప్రేమతో వెళ్ళాలనిపిస్తోందా, లేక ఇప్పుడున్న చోట విలువ లేదన్న బాధతో పారిపోవాలనిపిస్తోందా? రెండోదైతే అక్కడికి వెళ్ళినా ఆ బాధ మీ వెంటే వస్తుంది. సేవలో కూడా ఎవరూ చూడని పని, మాటలు పడే పని బోలెడంత ఉంటుంది. వీలైతే మీ తోడికోడలినే ఒకరోజు అడగండి, ఆమె దినచర్యలో వేదిక మీద గడిచేది ఎంతో, మిగతాది ఎంతో. మీ జీతంలో కొంత ఆమె సేవకు పంపాలనిపిస్తే సంతోషంగా పంపండి, కానీ ఆమెతో పోల్చుకుని తగ్గించుకున్న మనసుతో మాత్రం కాదు.

పాస్టర్ గారితో మాట్లాడేటప్పుడు నెల డ్యూటీ చార్టు చేతిలో పెట్టుకుని వెళ్ళండి. "అయ్యగారూ, ఇవీ నా నైట్ డ్యూటీలు. సండే స్కూల్ చూసుకుంటాను, శనివారం రాలేను, బుధవారానికి ఫలానా సహోదరిని తయారుచేస్తాను" అని సూటిగా చెప్పండి. కారణాల చిట్టా చదవక్కర్లేదు, ఏడవక్కర్లేదు. మంచి కాపరి అయితే ఇన్నాళ్ళూ గమనించనందుకు ఆయనే నొచ్చుకుంటారు. ఒకవేళ ఆశీర్వాదం పోతుందని భయపెడితే, ప్రార్థించమని అడిగి ఇంటికి వచ్చేయండి. ఆ శనివారం మాత్రం వెళ్ళకండి, పిల్లలతో ఉండండి. అక్కడ జరిగింది నాకు రాయండి.